ఒత్తిగిలించే దిక్కు

నా చిన్నప్పుడు మా తాతయ్య నన్ను నాపరాయి మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. ముద్దుకి కాదులెండి. రెంటచింతలలో మా ఎద్దొకటి జ్వరమొచ్చి కొట్టంలో కూలబడింది. తాతయ్య, నాన్న, పాలేరు కలిసి పూటపూటకీ దాని కింద గోతంపట్టా దూర్చి ఇటునుంచి అటు ఒత్తిగిలించేవాళ్లు, కింద వరిగడ్డి మార్చేవాళ్లు. నా నోరు ఊరుకోదుగా, చచ్చే ఎద్దుకి ఇన్ని సేవలెందుకని అడిగాను.

ఆయన తిట్టలేదు. వసారాలో రాయి చూపించి పడుకోమన్నాడు. కదిలితే వీపు చీరేస్తానని చర్నాకోల పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. మొదట చల్లగా హాయిగానే ఉంది. కాసేపటికి నడుం కింద ఎముక దగ్గర సలుపు మొదలైంది, మడమలు మంటెత్తాయి. ఏడ్చాను. మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది గానీ, మామగారికి ఎదురు చెప్పే ధైర్యం ఆమెకెక్కడిది!

చివరికి లేవనిచ్చి, "నీకు నోరుంది, ఏడ్చావు. దానికి నోరు లేదే. మనం తిప్పకపోతే బతికుండగానే కుళ్లిపోద్ది" అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ఎద్దు మాత్రం లేచింది.

కరోనా వచ్చినప్పుడు మా ఆయన్ని నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. ఆయన నోట్లో గొట్టం, ఏడవడానికైనా వీల్లేదు. రోజూ గేటు దగ్గర నిలబడి, కాస్త ఒత్తిగిలించండమ్మా అని నర్సు పిల్లల్ని బతిమాలాను. వాళ్లని అనడానికేం లేదు. ఒక్కో పిల్లకి వార్డు నిండా మనుషులు, ఆ ముసుగుల్లో వాళ్లే తూలిపోతున్నారు. డాక్టరు మాత్రం చానా విసుక్కున్నాడు. "ఆక్సిజన్ ఎంతుందో అడగమ్మా. పక్క మార్చడమేంది, ఇదేమన్నా మీ ఇల్లా?" అన్నాడు.

ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. నెగటివ్ వచ్చిందంటే సంబరంగా లోపలికి పోయాను. దుప్పటి తీస్తే నడుం కింద నా పిడికిలి పట్టేంత పుండు, అందులో తెల్లగా ఎముక. అసలు ఖర్చు అక్కడ మొదలైంది. కుళ్లిన కండ కోసినందుకు, కట్లకి, సూదులకి, గాలి పరుపుకి కలిపి కరోనాకి పెట్టినదానికంటే ఎక్కువ పోశాం. మిరప చేను అమ్మాం. మా ఆయన మంచం ఖాళీ అవుతుందేమోనని బయట ఆటోల్లో మనుషులు రొప్పుతూ కూర్చున్నారు. కిటికీలోంచి వాళ్లని చూడలేక తల తిప్పుకునేదాన్ని.

చీము రక్తంలో కలిసి మా ఆయన పోయాడు. కరోనా చావు కాదన్నారు.

ఆ నాపరాయి మా పుట్టింటి వసారాలో ఇంకా ఉంది. ఎప్పుడు పోయినా దాన్ని చేత్తో తడిమి వస్తాను. ఆ డాక్టర్ని ఒక్కసారి దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన కూర్చోవాలని ఉంది. మా తాతయ్య నన్ను లేవనిచ్చాడు. నేను లేవనివ్వను.