మూల జెండా దగ్గరి మట్టి

బ్రాక్‌డేల్ ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి కోసే సెల్విన్, మూల జెండా దగ్గరికి రాగానే టోపీ తీస్తాడు. చనిపోయిన అభిమానుల చితాభస్మం, వాళ్ల కోరిక మీద, అక్కడ తన చేత్తోనే పాతాడు. జట్టు పై డివిజన్‌కి ఎక్కిన ఏడాది, కొత్త యజమాని మంచు పట్టకుండా వేడి గొట్టాలు వేయించాలని మైదానమంతా తవ్వించాడు. ఆ మట్టి లారీల్లో ఎటో పోయింది. సెల్విన్ ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడాది జట్టు కిందికి జారింది. యజమాని చేతులు దులుపుకున్నాడు, క్లబ్బు మూతపడింది. జీతం లేకపోయినా సెల్విన్ గడ్డి కోస్తూనే ఉన్నాడు. శనివారం ముసలి మ్యూరియెల్ పూలతో వచ్చింది.

"మా ఆయన ఇక్కడే కదయ్యా?"

"కొంచెం ఎడమకమ్మా."

"బతికున్నప్పుడూ అంతే. ఆట మొదలైతే నాకు దూరంగా జరిగి కూర్చునేవాడు." పూలు పెట్టి, మెల్లగా నడుం నిటారు చేసుకుంది. "నేను పోయాక నన్నూ ఆయన పక్కనే పెట్టు."

సెల్విన్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, "అలాగేనమ్మా" అన్నాడు.