సంచి మీది పేరు

డొమినికుస్ జెహమన్, ఊరివారికి నికుస్, ఇరవై మూడవ ఏట తూర్పు దీవిలోని మంగరాయ్ కొండల్లో, సున్నపురాతి గుహలో పాత ఎముకల తవ్వకపు కూలీగా చేరాడు. యాభై నిండేనాటికీ అదే పనిలో ఉన్నాడు. ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. లోతైన గోతిలోకి వెదురు నిచ్చెన మీద దిగడానికి అనువైన ఒళ్లు. ఇనుప పనిముట్టు ముట్టేవాడు కాదు. ఆ మట్టిలో ఎముక తడిసిన కాగితంలా ఉంటుంది. వెదురు పుల్లతో గీకి, మూడు రోజులు ఆరనిచ్చి, జిగురు పూసిన తరువాతనే పైకి తీయాలి. నాలుగో గోతిలో వేల ఏళ్లనాటి, మూడున్నర అడుగులకు మించని ఒక ఆడమనిషి దవడ మొదట తగిలినది అతని పుల్లకే.

అది దొరికిన ఏడే పైదేశపు పండితులు వచ్చి, నికుస్‌నూ అతని తల్లి రెగీనానూ టేపుతో కొలిచి, "మీరు ఈ గుహవాళ్ల మనుమలే కావచ్చు" అన్నారు. ఊరు నమ్మింది. ఏటా గతించినవారికి అన్నం పెట్టే రోజున గుహలో దొరికిన ఆడమనిషికీ ఒక వంతు కేటాయించారు. పేరు పెట్టి పిలవనిదే పెద్దలు రారు. ఆమెకు పేరు లేదు. కనుక నికుస్ ఆమె ఎముకను దాచిన సంచి మీది చీటీనే పేరుగా పిలిచాడు:

"నాలుగో గొయ్యి, అయిదు మీటర్లు, ఎడమ దవడ ముత్తవ్వా, దయచెయ్యి!"

తండ్రి యాకోబుస్ పగలబడి నవ్వాడు. "ఇంటిపేరు ఘనంగానే ఉందిరా" అన్నాడు. అలా పదిహేనేళ్లు గడిచాయి.

మొన్నటి వానాకాలంలో యాకోబుస్ పోయాడు. ఈ ఏడు అతనికి తొలి అన్నం. తండ్రి పోయిన నాటినుండి నికుస్‌కు ఏడుపు రాలేదు, ఏదీ రాలేదు. పండుగకు వారం ముందు, పరీక్షకని ఊరివారి రక్తం తీసుకుని వెళ్లిన పండితుల ఉత్తరం వచ్చింది. తల్లి ఎదుట, వంశపెద్ద అయిన చిన్నాన్న కొర్నేలిస్ ఎదుట నికుస్ దానిని చదివాడు.

"మీ రక్తమందు గుహలోని చిన్న మానవుల జాడ కనబడలేదని తెలియజేయడమైనది. వారి పొట్టితనము, మీ పొట్టితనము వేర్వేరుగా ఏర్పడినవి. వారు సుమారు యాభై వేల ఏండ్ల క్రితమే అంతరించిరి. అయితే, చలిదేశపు గుహలో ఒక వేలి ఎముకతో మొదట బయటపడిన మరియొక అంతరించిన మానవజాతి అంశ మీలో స్వల్పముగా కలదు."

"అయితే ఇన్నేళ్లూ పరాయిదానికి కోడి కోశామన్నమాట" అన్నాడు కొర్నేలిస్.

"పెద్దలు అలిగారనడానికి, ఒక్క ఏడైనా కోడి పేగు వంకరగా వచ్చిందా?" అన్నది రెగీనా.

"పేగు మాట కాదు వదినా, చుట్టరికం మాట."

"చుట్టరికమే కావాలంటే ఆ వేలివాణ్ణి పిలువు. వాడు మనవాడేనట!"

"ఒక్క వేలితో ముద్దేం కలుపుకుంటాడు?" అని కొర్నేలిస్ నవ్వి, వెంటనే గంభీరుడయ్యాడు. "నికుస్, పిలుపు నీ నోటే రావాలి. తెలియక పిలిస్తే తప్పు లేదు. తెలిసి పరాయిదాన్ని పిలిస్తే మనవాళ్లు తినకుండా లేచిపోతారు. మీ నాన్నకిది తొలి ముద్ద. ఆలోచించుకో."

నికుస్ ఆలోచించడానికి ప్రయత్నించాడు. లోపల ఏమీ కదలలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నాడు.

పండుగనాడు, సూర్యుడు కొండ వెనక్కి దిగకముందే, తెల్లకోడి, అన్నం, కల్లు సిద్ధమయ్యాయి. నికుస్ తాతలను వరుసగా పిలిచాడు. చివరకు "నాన్నా, యాకోబుస్, దయచెయ్యి" అన్నాడు. తరువాతి పిలుపు అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. కొర్నేలిస్ అతని నోటి వంకే చూస్తున్నాడు. నికుస్ పెదవులు మూశాడు. దుఃఖమో, ఊరటో వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. రాలేదు. కోడిని కోశారు.

"పేగు నిటారుగా ఉంది. మీ నాన్న తిన్నాడురా!" అన్నాడు కొర్నేలిస్.

రెగీనా తన పళ్లెంలోని సగం అన్నం తీసి గడప అవతల పెట్టి వచ్చింది.

"అదెవరికి వదినా?"

"దారినపోయే దానికి. దానికి చుట్టరికం ఎందుకు?"

కొర్నేలిస్ తన పళ్లెం ముందుకు లాక్కున్నాడు. అందరూ తినడానికి కూర్చున్నారు. నికుస్ కూడా తిన్నాడు. ఉప్పు సరిపోయిందా అని తల్లి అడిగింది. తెలియలేదన్నాడు.