ఫ్యాన్ లేని పెట్టె మీద పట్టుబట్ట

పుట్టిన బిడ్డకు ఏ గురువూ లేకుండానే ఏడుపు నేర్పి, ఆ ఏడుపును మాటగా, మాటను పాటగా పెంచిన భవానీ మాతకు ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆమె ఇవ్వనిదేదీ మన దగ్గర లేదు. ఇచ్చినదాన్ని జాగ్రత్తగా చూసుకోవడం ఒక్కటే మన వంతు.

దండం పెట్టిన నోటితోనే కోపంగా మాట్లాడటం బాగుండదని నాకు తెలుసు. అయినా మాట్లాడతాను. ఇన్నేళ్ళయినా ఈ కోపం తగ్గలేదు.

మా మేనత్తను ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు ఇచ్చారు. అక్కడ వాళ్ళ అత్తగారి దగ్గర అమ్మవారి పాటలు నేర్చుకుంది. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. అత్తకు చదువు రాదు, ఆమె అత్తగారికీ రాదు. చెవి నుంచి నోటికి, నోటి నుంచి చెవికి వచ్చిన పాటలవి. మా మామయ్య పోయాక ఆమె ఇస్నాపూర్‌లో మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. మా వీధి చివర రేకుల కప్పుతో ఒక భజన మందిరం ఉంది. మంగళవారం, శుక్రవారం అక్కడ పాట అంటే మా అత్తే. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన బీహారీ కార్మికులు భాష రాకపోయినా వచ్చి వెనక కూర్చుని చప్పట్లు కొట్టేవారు.

కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో అత్త గొంతు బొంగురుపోయింది. పట్నంలో డాక్టరు చూసి స్వరపేటిక మీద గడ్డ ఉందన్నాడు. కోసి తీయాలి, తీశాక గొంతు మునుపటిలా ఉంటుందని చెప్పలేను అన్నాడు. అత్త ఏడవలేదు. బస్సులో వస్తుంటే నా వైపు తిరిగి, "నువ్వు కంపెనీల కంప్యూటర్ పని చేస్తవు గదా అల్లుడా. ముందుగాల నా పాటలు పెట్టెల పెట్టు. తర్వాత గొంతు కోసుకోమను" అంది.

నేను అప్పట్లో పటేల్‌గూడ దగ్గరి పెద్ద ఇంజనీరింగ్ కంపెనీలో కరెంటు ప్యానెళ్ళు కట్టే విభాగంలో పనిచేసేవాడిని. ఇంట్లో సొంతంగా ఒక కంప్యూటర్ ఉండేది. దాన్ని మందిరానికి మోసుకుపోయి, మైకు తగిలించి, అత్తను పాడమన్నాను. ఆమె ఎక్కడో స్టూడియోలో పాడదు. వెలిగించిన దీపం ముందు తప్ప అమ్మవారి పాట ఎత్తనని పెళ్ళినాడు వాళ్ళ అత్తగారికి మాట ఇచ్చింది. దీపం ఆరకూడదు కనుక మందిరంలో సీలింగ్ ఫ్యాన్ ఎప్పుడూ తిరగదు. ఆ నిశ్శబ్దంలో కంప్యూటర్ ఒక్కటే మోగింది.

అత్త పాట మధ్యలో ఆపింది. "గిదేంది అల్లుడా, అమ్మ ముందర గిర్ని పెట్టినవు? నా పాట గింత, దీని గొంతు గంత."

నిజమే. పెట్టెలో మూడు ఫ్యాన్లు. ఇస్నాపూర్ దుమ్ము పట్టి ఒక్కోటి పిండిమర లాగా రొద పెడుతోంది. రికార్డు చేసింది పెట్టి వింటే అత్త గొంతు ఆ రొద కింద ఎక్కడో వినిపించింది. ఆమె గొంతు అప్పటికే సన్నబడింది, గట్టిగా పాడమనడానికి లేదు. పెట్టెను బయట అరుగు మీద పెట్టి మైకు తీగ పొడిగిస్తే తీగే గుయ్యిమంది. ఇక మిగిలింది ఒకటే, ఫ్యాన్లు తీసేయడం.

ఫ్యాన్ తీస్తే ప్రాసెసర్ మాడిపోతుంది. కానీ మా ప్యానెళ్ళలో అంతకన్నా ఎక్కువ వేడెక్కే పరికరాలను ఫ్యాన్ లేకుండానే చల్లబరుస్తాం. వాటి వెనక దువ్వెన పళ్ళలా రెక్కలున్న మందపాటి అల్యూమినియం దిమ్మ ఉంటుంది. వేడి ఆ రెక్కల్లోకి పాకి గాలిలో కలిసిపోతుంది. పటాన్‌చెరు హైవే పక్కన పాత ఇనుము దుకాణంలో అలాంటి దిమ్మ ఒకటి వెతికి తెచ్చాను. అద్దం మీద గరుకు కాగితం పరిచి దాని ముఖాన్ని నున్నగా రుద్దాను. వేడిని దిమ్మలోకి పాకించే తెల్లటి పేస్టు రాసి ప్రాసెసర్ మీద బిగించాను. ప్రాసెసర్ వేగం సగానికి తగ్గించాను. మెల్లగా పనిచేసేది మెల్లగానే వేడెక్కుతుంది. కరెంటు డబ్బాలోని ఒక్క ఫ్యాన్ మాత్రం తీయడానికి వీలుకాలేదు. దానికి తక్కువ వోల్టేజి ఇచ్చి, రెక్కలు కంటికి కనిపించేంత నెమ్మదిగా తిరిగేలా చేశాను. హార్డ్ డిస్క్ గరగర పెట్టె రేకుకు తగలకుండా లంగాకు వేసే ఎలాస్టిక్‌తో దాన్ని ఉయ్యాలలా వేలాడదీశాను. పక్క రేకులు రెండూ విప్పేసి, పెట్టెను ఇటుకల మీద నిలబెట్టాను. చల్లగాలి కిందనుంచి రావాలి, వేడిగాలి పైకి పోవాలి. దానికి కావలసింది ఆ దారి ఒక్కటే. ఆ దారి మూయకుంటే చాలు.

మందిరం అధ్యక్షుడు చూడటానికి వచ్చాడు. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, అందరం సేటు అని పిలిచేవాళ్ళం. మందిరానికి రేకులు వేయించింది ఆయనే, కాదనను. పెట్టె చుట్టూ తిరిగి, "పేగులన్నీ బయటికి ఏసినవు గదరా. ఉయ్యాల గూడ కట్టినవు. తొట్టెల ఎప్పుడు చేస్తున్నవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తర్వాత అత్త పాడింది. పెట్టె ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. దీపం వత్తి చిటపట కూడా రికార్డయింది. తన పాట తాను మొదటిసారి వింటూ అత్త పెట్టె వైపు వంగి చెవి పెట్టింది. తర్వాత, "గీ ముసల్ది ఎవరో మంచిగనే పాడుతున్నది. పిలిచి రెండు ముద్దలు అన్నం పెట్టున్రి" అంది.

వచ్చినవన్నీ పాడించాను. రోజూ పొద్దున కొన్ని. ముందు పాడినవి ఒక సీడీలోకి ఎక్కించాను. తర్వాతవి, అంటే అందరికన్నా పాతవి, అమ్మవారి పెళ్ళి పాటలు, వాన పాటలు, పిల్లలకు అమ్మోరు పోసినప్పుడు పాడేవి, ఇంకా డిస్కులోనే ఉన్నాయి. వాటిలో అత్త దగ్గు అక్కడక్కడా పడింది. దాన్ని తీసేసే పని కంప్యూటర్‌కు అప్పగించాను. వేగం తగ్గించిన ప్రాసెసర్ కదా, ఒక పగలంతా పడుతుంది.

ఆ పగలే ఆపరేషన్. నేను ఆసుపత్రిలో ఉండాలి. మందిరం తాళంచెవి సేటు చేతికిస్తూ చెప్పాను. "పెట్టె పని చేస్తుంటది. ఆపొద్దు, ముట్టొద్దు, మీద ఏం పెట్టొద్దు." ఆయన తల ఊపాడు.

అది శుక్రవారం. ఎండాకాలం.

సాయంత్రం ఆసుపత్రి నుంచి సరాసరి మందిరానికి వెళ్ళాను. ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన కొడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రేకుల కింద ఊపిరాడటం లేదు. పెట్టె కనిపించలేదు. అమ్మవారికి కుడిపక్కన ఎర్ర పట్టుబట్ట కప్పిన ఒక ఆకారం కనిపించింది. పైన కుంకుమబొట్టు, ముందు అరటిపండు, ఊదుబత్తి. బట్ట లాగేశాను. అల్యూమినియం రెక్కల నిండా మల్లెపూల దండ చుట్టి ఉంది. పూలు వేయించిన అటుకుల్లా గోధుమరంగులో పెళుసుగా ఉన్నాయి. వేడికి రెక్కల మీద చేయి పెట్టలేకపోయాను. ఎలాస్టిక్ సాగిపోయి డిస్క్ కింది రేకుకు ఆనుకుని ఉంది. చల్లారాక మళ్ళీ స్విచ్ వేస్తే అది టక్కు టక్కుమంది, అంతే.

సేటు వెనకే నిలబడ్డాడు.

"ఏంది సేటు ఇది?"

"అమ్మ పాటలున్న పెట్టె. గిట్ల బట్ట లేకుంట అమ్మ ముందర ఎట్ల పెడ్తం? ఆడోళ్ళు పూజ చేసిన్రు."

"ముట్టొద్దని చెప్పిన కదా."

"ముట్టలే. కప్పినం."

"మీద ఏం పెట్టొద్దని గూడ చెప్పిన."

"అరే, పట్టుబట్ట. సామాన్ కాదు గదా. దేవునికి కట్టిన బట్టతోని ఖరాబైతదా ఏమన్న?"

నేను చేతిలో ఉన్న బట్టను నేల మీద వేశాను. ఆడవాళ్ళు గుసగుసలాడారు. సేటు దాన్ని తీసి దులిపి కళ్ళకద్దుకుని, నెమ్మదిగా, నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు. "పరేషాన్ కాకు. అమ్మ తన పాటలు తానే దాసుకున్నదనుకో. ఆమె ఇష్టం."

ఇక్కడే నా కోపం. బట్ట కప్పినందుకు కాదు. తెలియక భక్తితో చేస్తారు, ఒప్పుకుంటాను. ఈ ఒక్క మాటకే.

చిన్నప్పటి నుంచి మందిరంలో కూర్చుని శాస్త్రం విన్నవాళ్ళం. చేసినవాడే కర్త, ఫలం వాడిదే అని ఎన్నిసార్లు వినలేదు? ఉపవాసాలు చేస్తాం, మడి కడతాం, నైవేద్యంలో వెంట్రుక పడితే వంటంతా పారబోస్తాం. మన చేత్తో ఒక ముసలామె ప్రాణం లాంటిదాన్ని ఉడకబెట్టి, ఆ పాపం మాత్రం అమ్మవారి మీద తోస్తాం. ఆమె నోరు తెరిచి నేను కాదు అనదు కనుక. దేవుడి ఉపచారాల్లో వస్త్రం ఉన్నట్టే వీవన కూడా ఉంది. మనకు బట్ట కప్పడం గుర్తుంటుంది, గాలి విసరడం గుర్తుండదు. విసరమని కూడా నేను అడగలేదు. వచ్చే గాలిని ఆపొద్దన్నాను.

"అమ్మ దాసుకోలే సేటు. మీరు ఉడకబెట్టిన్రు" అన్నాను.

డిస్కును పట్నంలో ఇద్దరు ముగ్గురికి చూపించాను. అందులోని పాటలు ఇక రావన్నారు.

కట్టు విప్పాక అత్త ఇంటికి వచ్చింది. గొంతు రాలేదు. గాలి మాత్రమే వచ్చేది, దాన్ని పెదాలతో మాట చేసుకునేది. డిస్క్ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడ చెప్పింది. అత్త విని, "శుక్రారం మందిరంకు తీస్కపో" అని గుసగుసగా అంది.

శుక్రవారం ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఆమె మాట వినపడదు కనుక నేను పక్కన కూర్చుని ఆమె అన్నది గట్టిగా చెబుతున్నాను. సేటు లేచి, నాకు చెప్పిన మాటే ఆమెకూ చెప్పాడు, అమ్మ దాచుకుందని. అత్త తల ఊపింది.

"అట్లనా? మంచిది. నువ్వు దాసుకున్నది ఎంతనో జెర పాడు సేటు. వాన పాట పాడు."

ఆయన భజన తాళాలు అందుకున్నాడు. మందిరంలో అందరికన్నా బాగా తాళాలు వాయించేది ఆయనే. పల్లవి ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. గుండెలు నిండేలా పాడారు. మళ్ళీ పల్లవి. మూడోసారి మళ్ళీ పల్లవే.

"తర్వాత?" అంది అత్త. నేను గట్టిగా అడిగాను, తర్వాత?

సేటు పక్కవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఆడవాళ్ళ వైపు చూశారు. ఒకామె ఒక చరణంలో సగం చెప్పి ఆగిపోయింది. మా భజనలో చరణాలు అత్త ఒక్కతే పాడేది, మేమంతా పల్లవికే కలిసేవాళ్ళం. చరణం వస్తుంటే చప్పట్లు కొడుతూ పల్లవి కోసం ఎదురుచూసేవాళ్ళం. పెళ్ళి పాట అడిగింది, పల్లవి వచ్చింది. అమ్మోరు పాట అడిగింది, పల్లవి వచ్చింది. నన్ను కూడా అడిగింది. నాకూ అంతే వచ్చింది.

అత్త నా భుజం పట్టుకుని లేచింది. వెళ్తూ అన్న మాటను నేను గట్టిగా చెప్పలేదు. అది నాకు మాత్రమే వినపడింది. "అమ్మ దాసుకునుడు కాదు అల్లుడా. వీళ్ళు ఎప్పుడూ తీసుకోనేలే."

తర్వాత ఇంట్లో కూర్చుని ఆమె పెదాల మీద నుంచి కొన్ని చరణాల మాటలు పట్టుకున్నాను. మాటలు దొరికాయి. బాణీ గాలిలో ఎలా దొరుకుతుంది? ఆమె చేత్తో తట్టి చూపించేది, నేను పాడేవాణ్ణి, కాదని తల ఊపేది. చివరికి విసుగొచ్చి మానేసింది. ఆమె పోయినప్పుడు మందిరం వాళ్ళంతా వచ్చి పల్లవులు పాడారు.

సీడీలో ఉన్న పాటలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని మాత్రం అందరికీ ఎక్కించి ఇచ్చాను. మిగతావి ఏమయ్యాయని ఎవరైనా అడిగితే సేటు ఇప్పటికీ అదే చెబుతాడు. నేను భజనకు వెళ్ళడం మానలేదు. అమ్మవారి మీద నాకు కోపం లేదు, ఆమె ముందు కూర్చోకుండా ఉండలేను కూడా. సేటు పక్కన మాత్రం కూర్చోను.

ఇది చదివే భక్తులారా, నా కోపం పోవాలని ప్రార్థించమని మిమ్మల్ని అడగను. ఈ ఒక్కటి నాతో కలిసి అడగండి. తల్లీ, మా చేతులు పాడుచేసినదానికి నీ ఇష్టమని పేరు పెట్టే నాలుకను మాకు ఇవ్వకు. నీ ముందు ఎవరైనా పాడుతున్నప్పుడు చివరిదాకా వినే చెవిని ఇవ్వు. ఇంకా ఎక్కడో ఏ ఊళ్ళోనో ఒక ముసలమ్మ ఆ వాన పాట చరణాలు పాడుతూ ఉంటే, ఆమె పక్కన ఒక్కరినైనా కూర్చోబెట్టు తల్లీ.