నిలబడి తినే నూడుల్స్

ఆదివారం చర్చి నుంచి రాగానే దైవసహాయం మాస్టారు లుంగీ ఎగ్గట్టి వంటింట్లో దూరతారు. నూడుల్స్ ఉడికించి, గంజి వార్చినట్టే సిబ్బి అడ్డుపెట్టి వారుస్తారు. నూనె రాసి ఫ్యాను కింద ఆరబెడతారు. మూకుడు పొగలొచ్చాక చికెన్ ముక్కలు, క్యాబేజీ, సోయాసాసు వేస్తారు. ఎంత వద్దనుకున్నా చెయ్యి ఊరుకోక కరివేపాకు దూసేస్తుంది. పక్షవాతంతో మంచం పట్టిన భార్య సుగుణమ్మకి చెంచాతో తినిపిస్తారు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అమలాపురం బస్టాండు దగ్గర నూడుల్స్ బండి కనపడితే చాలు, "ఒక్కసారి అక్కడ నిలబడి తిందామండీ" అనేది ఆవిడ. "హెడ్మాస్టరు పెళ్లాం రోడ్డు మీద తినడమేంటి? స్కూలు పిల్లలు చూస్తే?" అని కసిరేవారు.

మొన్న ఆవిడకి తినిపించాక, తన పళ్లెం పట్టుకుని మంచం పక్కనే నిలబడి తింటున్నారు.

"కూర్చోండి, కాళ్లు లాగుతాయి" అంది సుగుణమ్మ.

మాస్టారు కూర్చోలేకపోయేరు.