చూపు వచ్చేదాకా

ఆ బడిలో ఫిజిక్స్ విభాగానికి పెద్ద ఎవరంటే పిల్లలు అసలు పేరు చెప్పరు, "లోలకం మేడమ్" అంటారు. పాఠం చెబుతున్నంతసేపూ బల్లకు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడికి ఫిజిక్స్ బాగానే ఒంటబట్టిందని ఒప్పుకోవాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మొదట్లో మండిపడేది. తర్వాత్తర్వాత, తను ఎప్పుడైనా నడక ఆపితే పిల్లలు మేడమ్‌కు ఒంట్లో బాగాలేదేమో అని గుసగుసలాడటం విని, ఆ పేరుకు తనే రాజీపడింది.

విభాగమంటే ఏదో పెద్ద కార్యాలయం అనుకునేరు. నాలుగు కుర్చీలు, ఒక ఇనప బీరువా, కాలు కుదురుగా నిలవని ఒక బల్ల. అంతే. ఆమె విభాగం పెద్దగా వచ్చిన కొత్తలో ఆ బీరువాలో కూడా సగం జీవశాస్త్రం వాళ్ళదే. వోల్టుమీటరు కోసం చెయ్యి పెడితే సీసాలో కప్ప తగిలేది. విభాగంలో ఆమె తర్వాత అంతటివాడు బాబాయి. నిజానికి ఆయన ఆమెకంటే ఏడాది చిన్నవాడే. చిన్నతనంలోనే బట్టతల రావడం వల్ల బడి బడంతా ఆయన్ని బాబాయిని చేసేసింది. ఆమె కూడా నోరారా అలాగే పిలిచేది.

ల్యాబు వెనక ఆటసామాను పడేసే కొట్టు ఒకటి ఉండేది. చిరిగిన నెట్లు, గాలిపోయిన బంతులు, విరిగిన బ్యాట్లు. ఆ కొట్టు కోసం ఆమె అప్పటి హెడ్మాస్టరు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. వ్యాయామం మాస్టారితో తగువు పెట్టుకుంది. తాళంచెవి చేతికొచ్చాక, ఒక సెలవు రోజున ఆమె, బాబాయి కలిసి బ్లాక్‌బోర్డులకు వేసే నల్లరంగు తెచ్చి నాలుగు గోడలకూ పూశారు. వీధి వైపు కిటికీకి ప్లైవుడ్ చెక్క బిగించారు. గుమ్మానికి రెండు వరసల నల్లగుడ్డ కట్టారు. ఆ అవతారంతో ఇంటికి వెళ్తే, తలుపు తీసిన భర్త "ఎవరు కావాలండీ?" అన్నాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. వేళాకోళం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అయినా మర్నాడే, అంచులు విరిగి అమ్మకానికి పనికిరాని అద్దాలన్నీ ఒక డబ్బాలో పోసి బడికి పంపించాడు. కాంతి పాఠాలు ఆ డబ్బాతోనే మొదలయ్యాయి.

చీకటి గది అలా పుట్టింది. దానితోపాటు ఒక పద్ధతి కూడా పుట్టింది. ఏ తరగతి అయినా మొదటిసారి ఆ గదిలోకి వస్తే ప్రయోగం వెంటనే మొదలవదు. అందరూ నేలమీద కూర్చోవాలి. ఆమె తలుపు మూసి దీపం ఆర్పేసేది. "చూపు వచ్చేదాకా ఆగండి," అనేది. ముందు కిసకిసలు. తర్వాత ఎవడో పిల్లిలా అరుస్తాడు. ఇంకెవరో "మేడమ్, వీడు గిల్లుతున్నాడు," అని ఫిర్యాదు. ఆమె ఒక్క మాటా అనేది కాదు. చీకట్లో అల్లరి దానంతట అదే చల్లబడేది. అప్పుడు మెల్లమెల్లగా, ఎక్కడినుంచో, ఒక కాలరు అంచు తేలేది. ఒక గడియారం ముఖం. నవ్వుతున్న ఒకడి పళ్ళు.

"ఎవరికి ముందు ఏం కనిపించింది?" అని అప్పుడు అడిగేది. దానికి తప్పు జవాబు లేదు, మార్కులూ లేవు. ఒక్కటే షరతు, కనిపించిందే చెప్పాలి. పక్కవాడు చెప్పాడని చెప్పకూడదు, పుస్తకంలో ఉందని చెప్పకూడదు. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్లలు ఆ గదిలో మాట్లాడటం ఆమె ఎన్నిసార్లు విన్నదో. బయట వెలుతురులో భయపడే పిల్లలకు చీకట్లో ధైర్యం వచ్చేది. వాళ్ళ గొంతులు విని, ఎవరిదో పోల్చుకోలేక, ఆమె ఎంత సంబరపడేదో.

విభాగంలో పేచీలు వచ్చినా తీర్పు ఆ గదిలోనే. ఒకసారి బాబాయికీ ఆమెకూ మాటా మాటా పెరిగింది. లోలకం ప్రయోగంలో గురుత్వం విలువ పుస్తకంలో ఉన్నంత రాలేదని ఆయన ఒక పిల్లకు మార్కులు కోశాడు. ఆ పిల్ల తనకు వచ్చిన రీడింగే నిజాయితీగా వేసింది. పక్కనున్నవాళ్ళంతా జవాబు ముందు పెట్టుకుని లెక్కను వెనక్కి వండుకొచ్చారు.

"జవాబు తప్పైతే తప్పే కదా మేడమ్," అన్నాడు బాబాయి.

"చూసింది రాసిన పిల్లకు సున్నా, చూడనిది రాసినవాళ్ళకు వీరతాళ్ళా? పద బాబాయ్, లోపలికి."

ఇద్దరూ మూతులు ముడుచుకుని చీకట్లో కూర్చున్నారు. ఎవరూ దిగిరాలేదు. కాసేపటికి ఆమె ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "ఏమైంది?" అన్నాడు ఆయన అనుమానంగా. "చూపు వచ్చింది. ముందు నీ నున్నటి గుండే కనిపించింది." ఆయన కూడా ఆపుకోలేకపోయాడు. ఆ పిల్లకు మార్కులు పడ్డాయి. ఆ రోజునుంచి ఆ విభాగంలో రీడింగులు వండితే ఎవరి పప్పులూ ఉడకలేదు.

ఇంత గొప్ప గదికీ ఒక జబ్బు ఉండేది. ఎక్కడినుంచో సన్నగా వెలుతురు కారేది. ఏటా ప్రాక్టికల్స్ ముందు ఆమె నల్లకాగితం, జిగురు పట్టుకుని ఆ కంత పని పట్టేది. కిటికీ చెక్కకు పాత మేకు ఊడిన చిల్లు అది. ఎండకు జిగురు ఎండిపోయి కాగితం ఊడేది, ఆమె తిట్టుకుంటూ మళ్ళీ అంటించేది. అందరూ చిన్న మేడమ్ అని పిలిచే కుర్ర టీచరు విభాగంలో కొత్తగా చేరిన ఏడాది ఆ పని ఆ అమ్మాయికి అప్పగించింది. వెళ్ళిన మనిషి ఎంతకీ రాదు. కోపం నషాళానికంటి, పెద్దామె తనే వెళ్ళింది.

"కాగితం ముక్క అంటించడానికి ముహూర్తం చూస్తున్నావా?"

"మేడమ్, కోప్పడకండి. ముందు తలుపు మూయండి."

చిన్న మేడమ్ చేతిలో తెల్లటి డ్రాయింగు షీటు ఉంది. కంతకు ఎదురుగా పట్టుకుంది. చూపు వచ్చేసరికి, ఆ షీటు మీద వీధి మొత్తం తలకిందులుగా వేలాడుతోంది. బస్సు తలకిందులుగా వెళ్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ తలకిందులుగా నిలబడి, తలకిందులుగా ఆవలించాడు. రంగులతో సహా.

పెద్దామె షీటు దగ్గరకు వంగి చూసింది. అట్టపెట్టెకు సూదితో చిల్లు పొడిచి బొమ్మ తలకిందులుగా పడుతుందని ఎన్ని తరగతులకు చెప్పిందో తనే. ఆ చిల్లు పొడిచిన చేత్తోనే, పది అడుగుల దూరంలో, ఏటా ఆ కంతను మూసుకుంటూ వచ్చింది. చీకటి చెడిపోతోందన్న బాధే గానీ, లోపలికి వచ్చేదేమిటో చూద్దామని ఫిజిక్స్ చదివిన ఒక్క బుర్రకూ తట్టలేదు. సిగ్గేసింది. దాని వెనకే నవ్వొచ్చింది. నవ్వుతూ ఆ అమ్మాయి వీపు మీద ఒక్కటిచ్చి, "ఇన్నేళ్ళు ఎక్కడ చచ్చావే?" అంది. ఆ కంతకు జిగురు పెట్టడం ఆ రోజుతో ఆగింది. ఒక చిన్న అట్టముక్కను మేకుకు తగిలించారు. కావాలంటే పక్కకు జరిపితే చాలు, వీధి లోపలికి వచ్చేది.

ఇక ఆమె ఉద్యోగానికి చివరి ఏడు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు మంచివాడే, ఆ మాట దాచకూడదు. ఒక మధ్యాహ్నం ఆమెను పిలిపించి, నీళ్ళు నములుతూ మొదలుపెట్టాడు.

"మీరు కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెబుతాను మేడమ్."

"వచ్చే మాటైతే వస్తుందండీ. చెప్పండి."

చీకటి గది పక్కనే కంప్యూటర్ల గది. అందులో తరగతిలో సగంమందే పడుతున్నారు. మధ్య గోడ కొట్టేస్తే అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. లేదంటే రెండు విడతలు పెట్టాలి. రెండో విడతకు టైమ్‌టేబుల్‌లో ఎక్కడా సందు లేదు, ఫిజిక్స్ ప్రాక్టికల్స్ పీరియడ్ తీసుకోవాల్సిందే. గది వదులుకుంటారా, పీరియడా? విభాగం పెద్దగా ఆమే తేల్చి చెప్పాలి. శుక్రవారంలోగా.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త కళ్ళద్దాలు తుడుస్తూ అంతా విన్నాడు. "గది పోతే నా లెన్సులు నాకు తిరిగిచ్చేస్తావా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాడు.

"ఏం చెయ్యాలో నీకు తెలుసు. తెలుసు కాబట్టే కంచంలో ఊరికే కెలుకుతున్నావు."

"తెలిస్తే మాత్రం? నా చేతులతో పూసిన గోడలండీ అవి."

మర్నాడు విభాగం సమావేశం చీకట్లోనే జరిగింది. బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. గది ఇచ్చేదే లేదన్నాడు, తాడోపేడో తేల్చుకుందామన్నాడు. ఆమెకు ఆ మాటలు చెవుల్లో అమృతం పోసినట్టే ఉన్నాయి. చిన్న మేడమ్ మాత్రం మెల్లగా ఒక మాట అడిగింది.

"పీరియడ్ పోతే, ఈ గదిలోకి వచ్చేదెవరు మేడమ్?"

పెద్దామెకు ఆ పిల్ల మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ మాట నిజం కావడమే ఆ కోపానికి కారణం. శుక్రవారం వెళ్ళి గది ఇచ్చేస్తున్నానని చెప్పింది. ప్రాక్టికల్స్ పీరియడ్‌లో ఒక్క నిమిషం తగ్గినా ఊరుకోనని కూడా చెప్పింది. హెడ్మాస్టరు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

మేస్త్రీ వచ్చిన రోజు ఆమె పక్క తరగతిలో పాఠం చెబుతోంది. మొదటి సుత్తి దెబ్బ వినబడగానే నడక ఆగిపోయింది. పిల్లలంతా తలలెత్తి చూశారు. ఆమె మళ్ళీ నడవడం మొదలుపెట్టింది గానీ, ఆ పూట ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. మధ్యాహ్నానికి నల్లగోడ పెళ్ళలు పెళ్ళలుగా వరండాలో పడి ఉంది. ఒక పెళ్ళ మీద కుంచె గీతలు కూడా కనబడ్డాయి. ఇది తనదా, బాబాయిదా అని చూసి, తెలియక, ఇంటికి వెళ్ళిపోయింది. కిటికీ చెక్క ఏమైందని అడగడానికి కూడా మనసొప్పలేదు.

తర్వాత నెలలు మామూలుగానే గడిచాయి. ఉద్యోగం చివరి వారంలో, ఒక రోజు ప్రాక్టికల్స్ పీరియడ్ వేళకు ఆమె ల్యాబుకు వెళ్తే తలుపు మూసి ఉంది. కిటికీలన్నిటికీ లోపలినుంచి ఏదో నల్లగుడ్డ కట్టి ఉంది. స్టేజి పరదాల్లా ఉన్నాయి.

"పట్టపగలు ల్యాబు మూసిందెవరు? ప్రాక్టికల్స్ ఎగ్గొట్టారా?" అని తలుపు బాదింది.

తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, స్టూలు మీద కూర్చోబెట్టింది. తలుపు మూసుకుంది. చిమ్మచీకటి. చుట్టూ పిల్లల ఊపిరి వినబడుతోంది. ఎవరూ కిసకిసలాడటం లేదు.

"చూపు వచ్చేదాకా ఆగండి మేడమ్," అంది చిన్న మేడమ్ గొంతు.

ఆగింది. కాసేపటికి అటునుంచి ఒక పిల్ల "నాకు కాలరు కనిపించింది," అంది. ఇంకొకడు "నాకు గోడ మీద బస్సు, తలకిందులుగా," అన్నాడు. బస్సు అన్నాడంటే ఆ చెక్క ఇక్కడే ఉందన్నమాట. బాబాయి ఊడదీసి దాచి ఉంటాడు. వీళ్ళు దాన్ని ల్యాబులో వీధి వైపు కిటికీకి బిగించి, ఎదురుగా తెల్లగుడ్డ కట్టి ఉంటారు. ఆమెకు అంతా అర్థమైంది. కానీ కంటికి మాత్రం ఏదీ కనిపించలేదు. వయసు మీద పడితే చీకట్లో చూపు ఆలస్యంగా వస్తుందని ఆమే పాఠంలో చెప్పేది.

"మేడమ్, మీకు ముందు ఏం కనిపించింది?"

బస్సు అనేస్తే సరిపోయేది. ఎవరు పట్టుకుంటారు?

"నాకింకా ఏమీ కనిపించలేదు," అంది ఆమె.

ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ కదల్లేదు. దీపం వెయ్యమని ఎవరూ అనలేదు. అంతమంది పిల్లలు, చూపు వచ్చేసినవాళ్ళంతా, ఆమెకు చూపు రావడం కోసం నోరు మెదపకుండా కూర్చున్నారు. ఎంతసేపో. ఆ నిశ్శబ్దంలో కూర్చుని ఆమె ఈ బడిలో తను చేసినదంతా తలుచుకుంది, గది ఎక్కడికీ పోలేదనుకుంది. అప్పుడు ఒక మూలన, గుండ్రంగా, లేతగా ఏదో తేలింది.

"బాబాయి గుండు," అంది.

ల్యాబు ల్యాబంతా గొల్లున నవ్వింది. మూలనుంచి బాబాయి నవ్వు కూడా వినబడింది. ఆ గోలలో, చీకటే కదా, ఎవరు చూస్తారులే అనుకుని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వాళ్ళందరికీ చూపు ఎప్పుడో వచ్చేసిందన్న సంగతి ఆమె మరిచిపోయింది.