దారం కట్టిన ముక్క

1943లో నన్ను పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో పెథాలజిస్టుగా వేశారు. కోసి తీసిన కండను సూక్ష్మదర్శినిలో చూసి, గడ్డ మంచిదో చెడ్డదో తేల్చడం నా పని. అపెండిక్సులో జిగురు నిండి ఉబ్బేవి కొన్ని, అసలు క్యాన్సర్లు కొన్ని. రెంటికీ నడుమ కార్సినాయిడ్ అనే పసుపుపచ్చని గట్టి గడ్డ. అది చిన్నదై, అపెండిక్సు పేగుకు అతికే మొదలు శుభ్రంగా ఉంటే భయం లేదు. మొదలుకు పాకితే మళ్లీ పొట్ట కోసి పేగూ తీయాలి. పెన్సిలిన్ మా ఊరికి ఇంకా రాని రోజులు. రెండోసారి కోస్తే బతుకుతాడని ఎవరూ మాటివ్వలేరు.

మా సర్జన్‌కు ఒక పాడు అలవాటు. తీసిన అపెండిక్సును వరండాలో బంధువుల ముందు బెండకాయలా తరిగి చూపించేవాడు. చూపకపోతే ఏమీ తీయకుండానే కుట్టేశారంటారట. వద్దని నేను పెట్టిన మొర ఫలక్‌నుమా రైళ్ల కూతను మించింది.

లాల్‌దర్వాజా పాలవ్యాపారి నర్సింలు అపెండిక్సూ అలాగే ముక్కలై వచ్చింది. ఒక ముక్కలో కార్సినాయిడ్, అదీ అంచుదాకా. దాని పక్కనుండాల్సిన మొదలు ముక్క, పేగు నుంచి కోసేముందు పట్టుదారం కట్టినది, సీసాలో లేదు.

సర్జన్‌ను అడిగాను. "ఇంత ముక్కకు గింత లొల్లేంది డాక్టర్ సాబ్? వాళ్లన్న మల్లయ్య అడిగిండు, ఇచ్చిన. దొరక్కుంటే మళ్ల కోద్దాం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. కోయించుకునేది తాను కాదు కదా!

లాల్‌దర్వాజాకు పరుగెత్తాను. కాంపౌండరు పోసిచ్చిన స్పిరిటు సీసాలో ఆ ముక్క వాడకట్టంతా తిరిగి వచ్చింది; నాకంటే ముందు చూడనివి వీధిలో మేకలే.

"ఉప్పుగూడ మేనత్త ఇంక జూడలే సాబ్. ఆమె జూసినంక ఇస్త" అన్నాడు మల్లయ్య.

"ఇయ్యకుంటే నీ తమ్ముని పొట్ట మళ్ల కోస్తరు!"

మల్లయ్య లోపలికి ఉరికాడు. సీసా నా చేతికొచ్చింది. అప్పుడే దిగిన మేనత్త మాత్రం నాతో, మల్లయ్యతోపాటు టాంగా ఎక్కి, "గిదేనా? గీ పురుగంత దానికా వాడు గట్ల మొత్తుకున్నది?" అని దారిపొడవునా సణిగింది.

స్పిరిటు వల్ల కండ చెడలేదు. మైనంలో పొదిగి, పలుచగా కోసి, రంగెక్కించేదాకా సర్జన్ కత్తిని ఆపడం ఇంకో లొల్లి. ముక్క ఒక అంచున గడ్డ కొంచెం కనిపించింది; అక్కడినుంచి దారం దాకా శుభ్రం. నర్సింలును మళ్లీ కోయలేదు.

తర్వాత అపెండిక్సును తరగకుండా సీసాలోనే బంధువులకు చూపాలని నియమం పెట్టించాను. గడ్డ జాతి ఒక్కటే చూసి మంచిచెడ్డలు చెప్పకూడదు, అది ఎక్కడ ఆగిందో చూడాలి. మొదలు ముక్క చేతికి రాకుండా నేను మళ్లీ ఏ రిపోర్టు మీదా సంతకం చేయలేదు.