వెయ్యని లెక్క

మా లెక్కల మాస్టారు మంగళవారం ఉదయం కాకినాడ ఆసుపత్రిలో పోయారు. లివర్ గట్టిపడిపోయి, రక్తపు వాంతులయ్యాయని వాళ్లబ్బాయి ఫోన్లో చెప్పాడు. అమలాపురంలో మా ల్యాబ్‌లో ఆ సమయానికి నా చేతిలో ఇంకెవరిదో రక్తం ఉంది. మాస్టారి రక్తం నాలుగేళ్లపాటు నేనే తీశాను. అందుకే ఈ నాలుగు మాటలూ దాచకుండా రాయాలనుకుంటున్నాను.

కొత్తపేటలో మాకు మూడేళ్లు లెక్కలు చెప్పారు. మెట్లు చూపించకుండా జవాబు ఒక్కటే రాస్తే, ఎర్ర సిరాతో "ఎలా వచ్చింది?" అని రాసి సున్నా చుట్టేవారు. కుడివైపు మార్జిన్ గీయకపోతే ఆ పేపరు ముట్టుకునేవారే కాదు. "అది నా చోటర్రా, మీరు తొక్కకండి" అనేవారు. పరీక్షకోసం చదివింది పరీక్షతోనే పోతుందనేది ఆయన రోజూ చెప్పే మాట. నేను ల్యాబ్ కోర్సులో చేరతానంటే ఫారం నింపి బస్సెక్కించింది కూడా ఆయనే.

రిటైరయ్యాక సాయంత్రాలు మందుకి అలవాటు పడ్డారు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్లు కాదు. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకి మా ల్యాబ్‌కి వచ్చేవారు. సూదంటే భయం. గోడవైపు తిరిగి పదిహేడో ఎక్కం మొదలుపెట్టేవారు. "పదిహేడు ఐదులు ఎనభై ఐదు" అనేసరికి నా పని అయిపోయేది.

"అప్పుడే అయిపోయిందా? ఎక్కం పూర్తిచేద్దామనుకున్నానే" అని నవ్వేవారు.

పరీక్షకి ముందు పదిహేను రోజులు మందు మానేసేవారు. పరీక్షకోసమే చదవొద్దని పిల్లలకి చెప్పి, తాను పరీక్షకోసమే మానేసేవారు. దాంతో లివర్ ఎంజైములు కాస్త దిగేవి. రెండేళ్ల కిందట రిపోర్టు చేతికిస్తూ, "డాక్టరు గారికి చూపించండి మాస్టారూ" అన్నాను.

"ఆయ్, చూపిస్తాలే. ముందు నువ్వు చెప్పమ్మా. బాగానే ఉన్నట్టేనా?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆయ్ అంటే అవుననే కాదు. విన్నామనీ, పెద్దవాళ్లని కాదనలేకపోతున్నామనీ కూడా. నాది ఆ చివరిది. ఆయన మొదటిదిగా తీసుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లనేలేదు. "మన అమ్మాయి చూసి బాగుందనేసింది" అని ఇంట్లో చెప్పేరట.

విడివిడిగా చూస్తే ఏ అంకే అంత భయపెట్టేది కాదు. కానీ వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి వేసే చిన్న లెక్క ఒకటుంది. లివర్ గట్టిపడటం ముదిరిందేమో, స్కాన్ చేయించాలేమో అది చెబుతుంది. నాకు ఆ లెక్క వచ్చు. వెయ్యలేదు. మాస్టారి తాగుడు గురించి మాస్టారితోనే మాట్లాడాలంటే సిగ్గేసింది. నా సిగ్గు ఆయన ప్రాణం మీదికి తెచ్చిందేమో. చెబితే మానేసేవారా? తెలియదు. మనుషుల మాట వినకపోయినా, లెక్క వేసి చూపిస్తే మాత్రం వినేవారు.

అంత్యక్రియలనుంచి వచ్చి ఆ పాత రిపోర్టు తీశాను. తెల్లకాగితం మీద కుడివైపు మార్జిన్ గీసి, ఒక్కో మెట్టూ వేశాను. అందులో ఒకచోట వర్గమూలం కట్టాలి. అది నాకు నేర్పింది ఆయనే. జవాబు వచ్చింది. ఆ రోజే ఆయన్ని స్కాన్‌కి పంపాల్సింది. మళ్లీ మళ్లీ సరిచూశాను, లెక్కలో తప్పు లేదు. కాగితం ఇంకా నా బల్లమీదే ఉంది. మార్జిన్ ఖాళీగా ఉంది, అది ఆయన చోటు.